వామనమూర్తిగారి కుడిచేయి

నేను ఒక గాజు సిరంజిని. ఎక్కడో ఉత్తరాదిన కొలిమి సెగలో పుట్టి, ఒంటినిండా గీతలు గీయించుకుని, తణుకు దగ్గర కోళ్ల టీకా కేంద్రానికి వచ్చిపడ్డాను. మనుషుల ప్రాణాలు నిలబెడదామనుకుంటే నా రాత కోడిగుడ్లకు రాసిపెట్టి ఉంది. పైగా రోజూ నన్ను నీళ్లలో ఉడకబెట్టి మరీ పని చెబుతారు. ఈ మర్యాద ఇంటల్లుళ్లకు చేస్తే తెలుస్తుంది.

పది రోజులు పొదిగిన గుడ్డుకు చిన్న బెజ్జం పెట్టి, కోళ్లను చంపే కొక్కెర తెగులు వైరస్‌ను నాతో లోపలికి ఎక్కించి, మైనంతో మూస్తారు. మూడు రోజులకు అది గుడ్డులోని నీటిలో కోట్లకు కోట్లు పెరగాలి. దాంతోనే టీకా. ఆ వేసవిలో మాత్రం మూడు విడతలూ వరసగా చెడిపోయాయి.

మా పెద్ద డాక్టరు వామనమూర్తిగారిది ధారాళమైన చేయి. నాలుగు గొట్టాల్లో వైరస్‌ను ఒకదాని కంటే ఒకటి పదిరెట్లు పలచగా కలిపించి, చివరికి చిక్కనిదే పోయించేవారు, పప్పులో నెయ్యి పోసినట్టు. లోపల ఆ వైరస్‌లు పెళ్లి బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుని, అరకొర పిల్లల్ని కని ఊరుకునేవి. నాకు తెలుసు. కానీ సిరంజిని ఎవరడుగుతారు?

నింద టెక్నీషియన్ సుగుణ మీద పడింది. ఆవిడ సూది ఎడమచేత్తో వేస్తుంది. ఎడమచేత్తో వేస్తే ఏం కలిసొస్తుందని డాక్టరుగారి అనుమానం. గోడకు రెండు పెద్ద డిగ్రీలు వేలాడుతున్నా ఆ అనుమానం చెక్కుచెదరలేదు. ఈ విడత కూడా పోతే ఉద్యోగం లేదని చెప్పేశారు. ఆ సాయంత్రం ఆవిడ నన్ను కడిగిందే కడిగింది. నాకు జాలేసింది.

నాలుగో విడతకు ఆయనే రంగంలోకి దిగారు. సుగుణను గది బయట ఉంచి, దుర్ముహూర్తం దాటాక నన్ను కుడిచేత్తో పట్టుకుని, స్టాండులో ఎడమ చివరి గొట్టంలో ముంచారు. అందరూ చిక్కని గొట్టాన్ని ఎడమ చివర పెట్టి, అక్కణ్ణుంచి పేరుస్తారు. సుగుణ తన చేతికి అనువుగా కుడి నుంచి పేరుస్తుంది. గొట్టాల మీద అంకెలున్నాయి గానీ, డాక్టరుగారి కళ్లద్దాలు ఆయన గదిలో ఉన్నాయి. అలా అన్నిటికంటే పలచనిది నా కడుపులోకి వచ్చింది.

ఖాళీ అయిన గొట్టం చూసి సుగుణ నెత్తిన చేయి పెట్టుకుంది. చెబితే ఉద్యోగం ఇప్పుడే పోతుంది, చెప్పకపోతే మూడు రోజులకు పోతుంది. ఆ మూడు రోజులైనా దక్కుతాయని ఊరుకుంది.

మూడో రోజు పరీక్షలో వైరస్ ఎన్నడూ లేనంతగా తేలింది. వామనమూర్తిగారు తన కుడిచేతిని తానే కళ్లకద్దుకుని, అందరికీ లడ్డూలు తెప్పించారు. సుగుణ తినలేదు. నోరు మూసుకుంటే ఈసారికి గండం గడిచినట్టే. కానీ ఆయన మళ్లీ చిక్కనిదే పోయిస్తారు, మళ్లీ తన మీదకే వస్తుంది.

“సార్, మీరేసింది నాలుగోదండి, పలచనిది. నేను కుడేపు నుంచి పేరుస్తానండి,” అని ఆ గొట్టం చూపించింది.

ఆయన కళ్లద్దాలు తెప్పించుకుని అంకె చూశారు. చేతిలో ఉన్న లడ్డూ మొత్తం తినేశారు. చివరికి, “ఉద్యోగానికి ఢోకా లేదులేమ్మా. ఇకనుంచి ఆ నాలుగోదే వాడు,” అన్నారు.

హమ్మయ్య, బుద్ధొచ్చిందనుకున్నాను. మర్నాడు నోటీసు బోర్డు మీద ఆయన సంతకంతో ఉత్తర్వు వెలిసింది: ఎడమచేతి పేర్పే కలిసొచ్చింది గనుక ఇకపై సిబ్బంది అందరూ సూది ఎడమచేత్తోనే వేయాలి.

ఆ నెలలో అలవాటు లేని చేతుల్లోంచి జారి పదకొండు సిరంజిలు పగిలాయి. సుగుణ నన్ను ఎవరికీ ఇవ్వలేదు. అందుకే ఈ అద్దాల బీరువాలోంచి మీతో మాట్లాడుతున్నాను.