పచ్చ బూజు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వెనక గదిలో గడ్డి నింపిన సంచులకు తాళ్లు కడుతూ అమ్మ. ముందు గదిలో, వచ్చేపోయేవాళ్లంతా తనకే లెక్క చెప్పాలన్నట్టు గుమ్మంవైపు తిరిగి మంచంమీద కూర్చున్న అమ్మమ్మ. కోసిన పుట్టగొడుగులు కొట్లకు వేసి రావడానికి బండి తెచ్చుకుని, ముందు టీ సంగతి తేలాలని కూర్చున్న మామయ్య. నాలుగో మనిషి ఆమె. ఆ వేళప్పుడు ల్యాబులో ఉండాల్సింది, ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం డాక్టరమ్మా, ఇవాళ మొక్కలన్నిటికీ జబ్బు నయమైపోయిందా?" అన్నాడు మామయ్య.

వృక్షశాస్త్రం చదువుతానన్న రోజునుంచీ అతనికి ఆమె డాక్టరమ్మే. చుట్టాలకూ అంతే. చూడ్డానికి వచ్చినవాళ్లు పండో కాయో తేవడం మానేసి, వాడిపోయిన కుండీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. "ఇది బతుకుతుందేమో చూడవే" అని ఆమె ఒళ్లో పెట్టేవాళ్లు. అది ఎప్పుడో చచ్చిపోయిందని చెప్పడానికి ఆమెకు నోరు పెగిలేది కాదు. అలా ఇంటి గోడవెంట చచ్చిన మొక్కల కుండీలు బారుగా చేరాయి.

ఆమె ఆ చదువు ఎంచుకున్నది జబ్బులు నయం చెయ్యడానికి కాదు. యూనివర్సిటీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఎవరో సూక్ష్మదర్శిని కింద నీటిమొక్క ఆకు పెట్టి చూడమన్నారు. ఆకులో పచ్చటి చుక్కలు గోడవెంట ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి. బయటికి ఏమీ ఎరగనట్టుండే ఆకు లోపల అంత హడావుడి. తనూ అలాంటిదేననిపించింది ఆమెకు. తాళం వేసే మనిషి వచ్చి గొంతు సవరించుకునేదాకా అక్కణ్నుంచి లేవలేదు.

మొదటి రోజు క్లాసులో పెద్ద మాస్టారు చెప్పారు: విత్తనాల సంస్థలు, అడవుల శాఖ, మందుల తయారీ, పరిశోధన, మీకు దారులే దారులు. ఆ మాట ఆమె ఇంటికొచ్చి అమ్మకు అప్పజెప్పింది. అమ్మ దాన్ని చుట్టుపక్కల అందరికీ అప్పజెప్పింది.

చదువైపోయాక ఆ దారులు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. తోటివాళ్లలో ఒకతను పురుగుమందుల సీసాలు పట్టుకుని కొట్టుకొట్టుకూ తిరుగుతున్నాడు. క్లాసులో ఫస్టు వచ్చినామె ఫోనులో బీమా అమ్ముతోంది. ఒకామె బ్యాంకులో చేరి, ఆకు కనిపిస్తే మొహం తిప్పుకుంటోంది. అడవుల శాఖ పరీక్ష వాయిదాలు పడీ పడీ, రాయాల్సినవాళ్లకు వయసు దాటిపోయింది. ఆమె ఇంట్లోనే కూర్చుంది. ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా" అనడిగితే వంటింట్లోకి తప్పుకునేది.

చివరికి దొరికింది ఈ ల్యాబు. అరటి మొలకను గోరంత ముక్కలు కోసి, గాజు సీసాల్లో జావలాంటి పోషకంమీద నాటి పెంచుతారు. శుభ్రమైన గాలి వీచే పెట్టెముందు కూర్చుని, కత్తిని మంటలో కాల్చి, చల్లార్చి, కోసి, నాటి, మూత బిగించాలి. గాలిలో కంటికి కనిపించని ఒక్క బూజు గింజ సీసాలో పడిందా, మొక్క పోయినట్టే. మాట్లాడాల్సిన పనిలేని ఉద్యోగం. మూతికి గుడ్డ కట్టుకుని రోజంతా మౌనంగా కూర్చుంటే మెచ్చుకునే చోటు ఆమెకు లోకంలో అదొక్కటే దొరికింది.

కొన్నాళ్లుగా ఆమె నాటిన సీసాలకే బూజు పడుతోంది. ముందు తెల్లగా, తర్వాత పచ్చగా. ల్యాబు మేడమ్ అందరినీ పిలిచి, బూజు పెరిగే జావ పోసిన గాజుపళ్లేలు తలా ఒకటి ఇచ్చి, వాటిమీద జుట్టు విదిలించమంది. ఇవాళ పొద్దున ఆ పళ్లేలు తెచ్చి బల్లమీద వరసగా పెట్టారు. మిగతావాళ్లవాటిలో అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చ. ఆమెది అంచుదాకా పచ్చగా ఉంది.

"ఇంట్లో ఏం పెంచుతున్నారు?" అంది మేడమ్.

"వెనక గదిలో పుట్టగొడుగులు మేడమ్."

"నువ్వు చదివింది ఈ సబ్జెక్టే కదా" అంది మేడమ్.

"తలస్నానం చేసి వస్తాను మేడమ్."

"రోజూ చేసే వస్తున్నావు కదమ్మా. ఆ గది మూసేస్తే రా. లేకపోతే నీ బెంచీకి ఇంకొకర్ని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

అమ్మచేత ఆ గది పెట్టించింది ఆమే. నాన్న పోయాక అమ్మ ఇస్త్రీకొట్లో నిలబడి పనిచేసింది, అది మూతపడ్డాక తమ్ముడి ముందు చెయ్యి చాచింది. యూనివర్సిటీలో పుట్టగొడుగుల పెంపకం నేర్పినప్పుడు ఆమె ఒక సీసాడు విత్తనం ఇంటికి తెచ్చింది. గడ్డి ఎలా ఉడకబెట్టాలో, ఎలా ఆరబెట్టాలో, సంచిలో వరసలు వరసలుగా ఎలా నింపాలో నేర్పింది. బయటి బూజు లోపలికి రాకుండా, కాళ్లు ముంచి రావడానికి గుమ్మంలో సున్నం నీళ్ల పళ్లెం పెట్టించింది. పచ్చబడిన సంచి కనిపిస్తే అమ్మకు చేతులు ఆడేవి కావు. పొద్దున్నే దాన్ని ఎత్తి దూరంగా పాతిపెట్టి, ఆపైన ల్యాబుకు వెళ్లేది ఆమే. లోపలికి ఏం వస్తుందో అన్నీ ఆలోచించింది. తనతో బయటికి ఏం పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇవన్నీ చెప్పేసరికి ముందు గదిలో టీ సంగతి అందరూ మరిచిపోయారు.

"అంతేకదా, మా ఇంటికొచ్చి ఉండు. మీ అత్తయ్య వద్దంటుందా?" అన్నాడు మామయ్య.

ఆమె అతని చొక్కా చూసింది. రోజూ బుట్టలు మోసే భుజాలమీద పుట్టగొడుగులు రాల్చిన తెల్లటి పొడి. ఆమె చూపు ఎక్కడుందో కనిపెట్టి అతను భుజం దులుపుకున్నాడు. పొడి ఎండలో కాసేపు తేలింది.

"నేనూ పనికిరానన్నమాట" అన్నాడు.

ఆమె వెనక గది గుమ్మం దగ్గరకు వెళ్లింది. అమ్మ తలెత్తకుండానే అంది, "విన్నాను."

"మూసేద్దామమ్మా."

"ఎన్నాళ్లు?"

"నేను అక్కడ చేసినన్నాళ్లు."

అమ్మ ముడి బిగించి, ఇంకో సంచి దగ్గరకు జరిగింది. "ఈ గడ్డి ఉడకబెట్టమంది ఎవరు?"

"నేనే."

"అప్పుడు చెప్పలేదే."

"తట్టలేదమ్మా."

"పిల్ల బతుకుకంటే ఆ గొడుగులు ఎక్కువయ్యాయిటే నీకు?" మంచంమీంచి అమ్మమ్మ అడిగింది.

"నువ్వు ఊరుకోమ్మా. పొద్దున లేస్తే ఎవరి మొహం చూడాలో అని భయపడకుండా లేస్తున్నాను ఇన్నాళ్లకి. కొట్లవాళ్లు ఫోను చేసి మేడమ్ అంటున్నారు నన్ను. నన్ను." అమ్మ గొంతు అక్కడ తగ్గింది. కూతురివైపు తిరిగింది. "ఇంకో ఉద్యోగం చూసుకోకూడదూ? ఎన్నో దారులున్నాయన్నావు."

ఇన్నేళ్లూ అమ్మకు చెప్పకుండా దాచిన మాట ఆమె ఇప్పుడు చెప్పింది.

"లేవమ్మా. ఒక్కటీ లేదు. ఇదొక్కటే ఉంది."

అమ్మ చేతిలో తాడు ఆగిపోయింది. పైనుంచి వేలాడుతున్న సంచులవైపు చూసింది. గుండుసూది తలల్లాంటి మొగ్గలు అప్పుడప్పుడే ప్లాస్టిక్‌ను నెడుతున్నాయి. చూస్తూ చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, ఒక్కసారి నా మాట విను" అంటూ ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. సున్నం నీళ్ల పళ్లెం చూడలేదు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

"అక్కడే ఆగు." అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ల్యాబులో గాజుపళ్లెం నిండా పచ్చగా వచ్చిందన్నావు నీ జుట్టునుంచి. నా సంచులు పాడైపోతాయి."

"అది ఈ గదిలోదేనమ్మా."

"ఎక్కణ్నుంచి ఎవరిమీద వస్తుందో చెప్పలేమని నువ్వే కదే నేర్పావు."

ఆమె కాలు వెనక్కు తీసుకుంది. అమ్మ కళ్లు తుడుచుకోలేదు. గడ్డి తడి చేతులతో తలుపు రెక్క పట్టుకుని, దుమ్ము లేవకుండా, కూతురు నేర్పినట్టే మెల్లగా మూసేసింది.