తలుపు మూసిన మూడు గంటలు

హైదరాబాద్‌లో కంపెనీ సగం మందిని తీసేసినప్పుడు ఆ సగంలో హేమ్లా కూడా ఉన్నాడు. డ్రైవరు పని పోయింది. ఏన్కూరు దగ్గరి తండాకు తిరిగొచ్చి, భార్య చాంది వెండి కడియాలు అమ్మి కారం పట్టే గిర్ని పెట్టాడు. మిర్చి ధర కుప్పకూలిన ఏడాది అది. అమ్ముడుపోని కాయను జనం ఎలాగూ కారం పట్టించుకుంటారని అతని ఆశ. ఆ ఆశా అడియాసే అయింది. కూలి కూడా రాని పంటను కోయించడం దండగని రైతులు చేలల్లోనే వదిలేశారు. గిర్ని నడవకపోతే మళ్ళీ పట్నమే గతి. పట్నంలో పనే లేదాయె.

వచ్చే నలుగురైదుగురూ తండా ఆడవాళ్ళే. కారం పట్టించడానికి వచ్చిన మనిషి గిర్ని వదిలి పోదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ, తన కాయ పొడై తన డబ్బాలో పడేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. పగవాణ్ణయినా నమ్ముతుంది గానీ గిర్నివాణ్ణి నమ్మదు. అందుకే ఏ ఊళ్ళోనైనా గిర్ని తలుపు బార్లా తెరిచే ఉంటుంది.

మాఘంలో ఏన్కూరు వ్యాపారి జయప్రకాశ్ ఆటో నిండా తాలుకాయ తెచ్చాడు. తెల్లబడి బూజు పట్టిన కాయ. పక్కనే అందులో కలపడానికి ఎర్రరంగు డబ్బా. వారానికి రెండు లోడ్లు ఇస్తానన్నాడు. హేమ్లా తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు.

"మా తండోళ్ళు చూస్తరు సేఠ్."

"తలుపేసుకో. నీ గిర్ని, నీ ఇష్టం."

కడుపు నిండినవాడు ఎన్ని నీతులైనా చెబుతాడు. హేమ్లా పట్టపగలు తలుపు బిడాయించుకుని మూడు గంటలపాటు ఆ కాయంతా పట్టాడు. బయటికొచ్చేసరికి ఎదురు అరుగు మీద లాలి పెద్దమ్మ మిరపకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. రంగంటిన అతని ఎర్రటి చేతులు చూసింది. సంచి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి తండాలో ఒక్కరూ రాలేదు. జయప్రకాశ్ కూడా రెండో లోడు తేలేదు. ఆ కారం కొనే హోటళ్ళే మూతపడుతున్నాయట. హేమ్లా పొద్దస్తమానం గిర్ని ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూడలేక సిగ్గుతో చచ్చిపోయాడు.

పదో రోజు ఇంట్లో కారం అయిపోయింది. చాంది ఎండుకాయలకు తొడిమలు తీసి మూట కట్టింది. ఆమె రావడం చూసి హేమ్లా ఆత్రంగా లేచి మోటారు వేశాడు. చాంది ఆగలేదు. గిర్ని దాటి రోడ్డెక్కింది.

"యాడికి పోతున్నవ్?"

"ఏన్కూరు గిర్నికి." వెనక్కి తిరగలేదామె. "ఏమనుకోకు. పిల్లలు తినే కారం."