ఒకే రకం బండ్లు

ఎండ ఇంకా దిగకముందే గుడారాల దగ్గరికి చేరిన నాజిపా హెల్మెట్ తీసి, జుట్టులో ఇసుక దులుపుకుని, ముందుగా మొగుడు తిలెగెన్ రోడ్‌బుక్ తీసుకుని కూర్చుంది. రోడ్‌బుక్ అంటారు గానీ అది పుస్తకం కాదు, అరచెయ్యంత వెడల్పున్న కాగితపు చుట్ట. మర్నాడు వెళ్ళాల్సిన దారంతా అందులో బాణాలుగా, కిలోమీటర్లుగా ఉంటుంది. దాన్ని బండి హ్యాండిల్ ముందున్న పెట్టెలో బిగించుకుని, తిప్పుకుంటూ, చదువుకుంటూ నడపాలి. ప్రమాదం ఉన్నచోట ఎరుపు, మలుపున్నచోట పసుపు, ఉప్పు బురద ఉన్నచోట నీలం పూసుకుంటే ఎంత వేగంలోనైనా కంటికి ఆనుతుంది. ఎవరి చుట్టకి వాళ్ళే రంగులు వేసుకుంటారు. తిలెగెన్ చుట్టకి మాత్రం నాజిపా వేస్తుంది. "నీ చెయ్యి కుదురు. నాకెక్కడిది ఓపిక" అని అతను అప్పటికే నడుం వాల్చేశాడు. అతనిది అయ్యాక తనది. అతని సాక్సులు ఉతికాక తనవి. అలాగని తిలెగెన్ చెడ్డవాడేం కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు, తాగి రాలేదు. ఆమె కూడా పొద్దుట్నుంచీ నాలుగు వందల కిలోమీటర్లు బండి మీద నిలబడే వచ్చిందన్న సంగతి అతనికి తోచదు, అంతే.

మంగిస్తావ్ ఎడారిలో ఏడు రోజుల మోటారుసైకిళ్ళ పోటీ అది. అప్పటికి ఐదు రోజులు గడిచాయి. జట్టుగా పోటీకి దిగేవాళ్ళలో ముందు బండి అని ఒకటుంటుంది, వెనక బండి అని ఒకటుంటుంది. వెనక బండివాళ్ళు గెలవడానికి రారు. ముందు బండిలో ఏది చెడితే అది తమ బండిలోంచి విప్పి ఇచ్చి, అక్కడే కూర్చుని, చివర్లో వచ్చే లారీ ఎక్కి వెనక్కి పోతారు. ఆ పని జీతానికి చేసేవాళ్ళున్నారు. ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకు అన్నాడు తిలెగెన్. అక్తౌ పట్నంలో వాళ్ళ రిపేరు షాపులో విడిభాగాల కొట్టు పదిహేనేళ్ళుగా చూసుకునేదీ ఇంట్లో మనిషే. అక్కడా జీతం మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరికీ ఒకే రకం బండ్లు కొన్నప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా, అబ్బో, జంట బండ్లు, నీ మొగుడికి నువ్వంటే ఎంత ప్రేమే అని బుగ్గలు నొక్కుకున్నారు. ఒకదాని భాగాలు ఇంకోదానికి సరిపోవాలి కాబట్టి ఒకే రకం కొన్నారని నాజిపా వాళ్ళకి చెప్పలేదు. కొన్నాళ్ళు తను కూడా ప్రేమేననుకుంది.

పోటీ మొదలైన రోజు ఒక విలేఖరి వచ్చి, మీకు బండి ఎవరు నేర్పారండీ అని ఆమెనడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు తిలెగెన్ అందుకుని, పెళ్ళయ్యాక నేనే నేర్పాను అన్నాడు. నిజానికి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న తన పాత బండి సీటు మీద దిండు వేసి, దాని మీద కూతుర్ని కూర్చోబెట్టి, తప్పిపోయిన ఒంటెల్ని వెతుక్కురమ్మని పంపేవాడు. ఏ నేల మోస్తుందో, ఏ నేల మింగుతుందో ఆమె అప్పుడే నేర్చుకుంది. అప్పటికి పట్నంలో తిలెగెన్‌కి సైకిలు కూడా రాదు. మొగుడి మాట నలుగురిలో తీసేస్తే బావుండదని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి బాగా అలవాటైన పని. విలేఖరి అదే రాసుకుపోయాడు.

కిందటేడు నాలుగో రోజు తిలెగెన్ బండిలో పెట్రోలు పంపు కాలిపోయింది. నాజిపా తన బండిలోది విప్పి ఇచ్చి, బండి నీడలో ఆరు గంటలు కూర్చుంది. తిలెగెన్ పన్నెండో స్థానంలో పోటీ పూర్తి చేశాడు. ఇంటికొచ్చాక ఇచ్చిన విందుకి నలభై మంది వచ్చారు. గొర్రె తలకాయ తీసుకొచ్చి గౌరవంగా తిలెగెన్ ముందు పెట్టారు. నాజిపా టీ మరిగే సమోవార్ పక్కన కూర్చుని, కోడలు పోయాల్సిన పద్ధతిలో, గిన్నెకి సగం చొప్పున టీ పోస్తూనే ఉంది. అతిథికి నిండుగా పోస్తే ఇక లెమ్మన్నట్టు. అందుకని సగం సగం పొయ్యాలి, అయినకొద్దీ మళ్ళీ పొయ్యాలి. తిలెగెన్ అన్నగారు కూడా వచ్చాడు. ఆయన పేరు కోడలి నోట రాకూడదు గనక పెళ్ళయిన కొత్తలోనే ఆయనకి దొరబావ అని పేరు పెట్టుకుంది. ఆ దొరబావ గిన్నె అందుకుంటూ, "మావాడికేంట్రా, వాడి స్పేర్ పార్టులు వంట కూడా చేస్తాయి" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. తిలెగెన్ నవ్వాడు. నాజిపా కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండుతుంది, దొరబావ మీద కాదు, తన మీద. అత్తగారు మాత్రం ఏ మాటా దాచుకునే మనిషి కాదు. తిరిగింది చాలు గానీ పిండి పులిసిపోతోంది చూడమంది. అందరూ వెళ్ళాక పదిహేనేళ్ళ కూతురు ఇంకార్ గిన్నెలు తుడుస్తూ, అమ్మా, నువ్వెందుకు ఆగిపోయావు అని అడిగింది. బండి చెడిందని చెప్పింది నాజిపా. దానికి ఏ రోగమూ లేదు, నిక్షేపంలా ఉంది. పిల్లతో అబద్ధం ఆడిన ఆ ఒక్కటీ ఏడాది పొడుగునా ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ ఏడు బయల్దేరేముందు, చివరి గీత దాటాలని మనసులో గట్టిగా అనుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు.

ఆరో రోజు పొద్దున తెల్లటి సున్నపురాతి కొండ దిగాక దారి చదునుగా సాగింది. వంద మీటర్లు వెనకుండమన్నాడు గనక ఐదు రోజులుగా ఉన్నట్టే అతని దుమ్ములో అతని వెనకే ఉంది. ముందుకెళ్ళడానికి చాలాసార్లు చోటు దొరికింది, బండిలో బలమూ ఉంది. బ్రేకు మీద వేలు పెట్టి ఆపుకుంటూ వచ్చింది. అలా ఆపుకుంటూనే, రెండో రోజు తన పెట్రోలు అతనికి పోసి గంటసేపు ఆగిపోయినా, ఇరవై మూడో స్థానంలో ఉంది. అతను తొమ్మిది. నూట తొంభైనాలుగో కిలోమీటరు దగ్గర రోడ్‌బుక్‌లో ఎరుపు ఉంది, రాళ్ళున్నాయని. ఆమె వేగం తగ్గించింది. ముందున్న దుమ్ము తగ్గలేదు. కాస్సేపటికి దుమ్ము ఒక్కసారిగా ఆగిపోయింది.

వెళ్ళి చూసేసరికి తిలెగెన్ నిలబడే ఉన్నాడు, ఒంటి మీద గీత కూడా పడలేదు. వెనక చక్రం రిమ్ము మాత్రం రెండు చోట్ల పగిలింది. అప్పటికే దాన్ని విప్పి పక్కన పడేశాడు.

"హమ్మయ్య, వచ్చావా. నీ వెనక చక్రం విప్పు. పావుగంట పని."

ఆమె బండిని రాయి మీదికెక్కించి నిలబెట్టింది. పెద్ద స్పానర్ తీసి ఇరుసు నట్టుకి తగిలించింది. ఆ పని చెయ్యాలా వద్దా అని ఆలోచించలేదు. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి, పదిహేడేళ్ళుగా తెల్లారగానే లేచి పొయ్యి వెలిగించినట్టు, ఎవరి గిన్నె ఖాళీ అయితే అటు తిరిగినట్టు. నట్టు ఒక చుట్టు వదులైంది. తిలెగెన్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ పూట గట్టెక్కితే ఎనిమిదో స్థానం కూడా రావచ్చట. లారీ సాయంత్రానికల్లా వచ్చేస్తుందట. నీళ్ళున్నాయి కదా, నీడ చూసుకుని కూర్చోమన్నాడు. ఆ మాటలన్నీ కిందటేడు అన్నవే. తర్వాత ప్రేమగానే, భుజం తట్టి, "రేపు గీత దగ్గర నిన్ను కూడా పక్కన నిలబెట్టి ఫోటో తీయిస్తాలే" అన్నాడు.

తీయిస్తాలే అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె చేతులు ఆగాయి. అతని మీద కోపం రాలేదు, అదే ఆమెకి ఆశ్చర్యం. ఇన్నేళ్ళూ కోపం వస్తే గానీ కాదనలేననుకుంది. కోపం రావడానికి పెద్ద తప్పేదో జరగాలని, తప్పేదీ జరగడం లేదు కదా అని, ఊరుకుంటూ వచ్చింది. ఈ మనిషి తప్పు చెయ్యడం లేదు. అతనికి చక్రం కావాలి, అడుగుతున్నాడు. తనకీ చక్రం కావాలి. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు, తనతో సహా. భయం వేసింది. భయంతోనే స్పానర్‌ని రెండోవైపు తిప్పడం మొదలుపెట్టింది.

"ఎటు తిప్పుతున్నావే? బిగుసుకుంటోంది."

"బిగిస్తున్నా."

తిలెగెన్ ముందు నవ్వాడు, ఎండ తగిలిందా అన్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు. "నాది తొమ్మిదో స్థానం, నాజిపా. నీది ఇరవై మూడు."

"తెలుసు. నేను కూడా చివరిదాకా వెళ్దామనుకుంటున్నా."

"వెళ్ళి ఏం చేస్తావు?"

ఆమె నట్టుని ఇంకో చుట్టు బిగించింది. "తెలీదు. వెళ్ళాక చూసుకుంటా" అంది.

అతను పగిలిన చక్రాన్ని లేపి మళ్ళీ చూశాడు. తర్వాత, అమ్మకి ఏం చెప్పమంటావన్నాడు. అన్నయ్యకి ఏం చెప్పమంటావన్నాడు. పగిలిందేదో అదే చెప్పమంది ఆమె. తన సంచీలోంచి రెండు లీటర్ల నీళ్ళు, ఎండబెట్టిన పెరుగు ఉండలు తీసి అతని పక్కన పెట్టింది. నీడకి వేసుకునే వెండి రంగు గుడ్డ కూడా ఇచ్చింది. అతను తీసుకోలేదు. ఆమె హెల్మెట్ పెట్టుకుంటుండగా, వంగి తీసుకున్నాడు. ఏదో అన్నాడు కూడా, ఇంజను చప్పుడులో వినపడలేదు. ఆగి, ఏంటి అని అడగాలనిపించింది. అడగలేదు.

ముందు దుమ్ము లేదు. నేల ఎంత దూరమైనా కనిపిస్తోంది. కాసేపటికి ఏడుపొచ్చింది, హెల్మెట్‌లో కళ్ళు తుడుచుకోవడం కుదరక అలాగే నడిపింది. ఉప్పు బురద దగ్గర పైపొర ముదురు రంగులో ఉన్నచోట పక్కకి తప్పుకుంది, నాలుగు బండ్లు అందులో ఇరుక్కుని ఉన్నాయి. వాటిని దాటాక ఆమెకి తెలియకుండానే నోట్లోంచి ఒంటెల్ని అదిలించే పాత కూత వచ్చింది. అప్పుడు నవ్వొచ్చింది.

రెండు వందల నలభయ్యో కిలోమీటరు దగ్గర తనిఖీ గుడారం ఉంది. అక్కడ కార్డుల మీద ముద్రలు వేసే పెద్దాయన ఈ దంపతుల్ని కిందటేడు నుంచి ఎరుగును. ఆమెని చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏంటి కోడలుపిల్లా, నువ్వు ముందొచ్చావు? మొగుడేడి? దెబ్బలేమైనా తగిలాయా?"

దెబ్బల్లేవు తాతా, నూట తొంభైనాలుగు దగ్గర ఉన్నాడు, వెనక చక్రం పగిలింది, నీళ్ళిచ్చి వచ్చానని చెప్పింది. ఆయన వైర్‌లెస్‌లో లారీవాళ్ళకి కబురు పెట్టాడు. పెట్టి, ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రం దగ్గర ఆగాడు. అర్థం కానట్టు మొహం పెట్టాడు.

"మరి నీ బండికి చక్రం ఉందిగా?"

"ఉంది తాతా" అంది నాజిపా, ముద్ర కోసం కార్డు చాపుతూ. "దాని మీదే వచ్చాను."