యోబు తనిఖీ

బొగ్గు అయిపోయిందన్నారు, బాయి మూసేశారు. కాసిపేట వైపున్న ఆ పాత బాయి కార్మికులను ఒక్కొక్కరినే గోదావరిఖనికి బదిలీ చేశారు. డెబ్బై నాలుగు వేసవికల్లా సగం క్వార్టర్లకు తాళాలు పడ్డాయి. మిగతా సగానికి తాళం వేద్దామంటే తలుపులే లేవు. పట్టాలు పీక్కుపోయారు, సైరన్ విప్పుకుపోయారు. తలకాయలు ఎక్కడుంటే కత్తెర అక్కడే అంటూ మంగలి నర్సింగం కూడా మూట సర్దాడు.

మిగిలింది చర్చి గంట ఒక్కటే. దానికీ ముహూర్తం పెట్టారు. ఆదివారం గోదావరిఖని నుంచి సంఘపెద్ద అంద్రెయ వస్తాడట. ఆరాధనకు నలభై మంది లేకపోతే గంట దింపి కొత్త చర్చికి పట్టుకుపోతాడట. ఉన్న విశ్వాసులు ఏడుగురు. అందులో యేసమ్మకు చూపు లేదు, స్తెఫనుకు చెవుడు.

గంట కొట్టేది యోబు. ఇరవై ఏళ్ళు బాయి గేటు దగ్గర తనిఖీ చేసి దిగిపోయిన మనిషి. లోపల గ్యాసు ఉంటుంది కనుక బీడీ, అగ్గిపెట్టె దిగకూడదు. యోబు ముందుకు రాగానే ఎంతటివాడైనా చేతులెత్తి, జేబులు ఖాళీ చేయాల్సిందే. సైరన్ పోయాక ఊరందరి కోసం రోజూ పొద్దున్నే గంట కొడుతున్నాడు. భార్య సుగుణమణిని మట్టిచేసిన రోజు మోగింది కూడా ఆ గంటే. అది పోతే ఇక్కడ తాను బతకలేడు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, పక్కింటి సదయ్య దగ్గరికి తలల లెక్క మాట పట్టుకుని వెళ్ళాడు.

"సదయ్యా, గంట దక్కాలంటే ఐతారం మీరంత జరసేపు చర్చిల కూసోవాలె."

"పాడుమంటే ఎట్ల కాకా?"

"పెదవులు కదుపు. స్తెఫను పాతికేండ్ల సంది గదే చేస్తుండు."

"కొబ్బరికాయ తేవాల్నా?" అంది సదయ్య భార్య లస్మవ్వ.

"వద్దు తల్లీ! నోరు మూసుకొని కూసుంటే చాలు."

"గదే కష్టం" అన్నాడు సదయ్య.

లస్మవ్వ అతన్ని గుడ్లురిమి చూసింది. "గంట ఇనే నేను పొయ్యి ముట్టిస్త. గది పోతే నీకు బువ్వ ఎప్పుడొండాలె? అందరిని నేను తోల్కొస్త కాకా."

ఆదివారం అన్నట్టే తోలుకొచ్చింది. యోబు చర్చి గడప దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే సదయ్య చేతులు వాటంతటవే లేచాయి. బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి గోడవార బల్ల మీద పెట్టాడు. యోబు జేబులు తడిమి "పో" అన్నాడు. వెనకున్నవాళ్ళూ అంతే. యోబు తల వంచుకుని తడుముతూనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళలో అతను జేబులే చూశాడు గాని మొహాలు చూసిందెప్పుడు? ఏం చేస్తున్నాడో తెలిసొచ్చేసరికి జనమంతా లోపలికి వెళ్ళిపోయారు, బల్ల మీద బీడీల కుప్ప పేరుకుంది.

ఆరాధన బాగానే సాగింది. అంద్రెయ బయటికొచ్చి కుప్పను చూశాడు.

"యోబన్నా, నన్ను గుడ్డోన్ని చేస్తవా? మన సంఘపోల్లు బీడీ ముట్టరు. వీళ్ళెవ్వలు మనోల్లు కాదు. గంట దింపుండ్రి!"

యోబు పోయి బల్ల పక్కన నిలబడ్డాడు. జనం తలలు వంచుకుని ఎవరి కట్ట వాళ్ళు తీసుకున్నారు. చివరికి ఒకటి మిగిలింది.

"గిదెవలిది?" అన్నాడు యోబు.

కట్టను తిప్పి చూశాడు. ఎర్రదారంతో రెండు ముళ్ళు. ఆ ముడి యోబుకు కొత్తది కాదు. పదేళ్ళ పాటు గేటు దగ్గర రోజూ పట్టుకున్నదే. అప్పట్లో ఇదే బాయిలో బొగ్గు కొట్టిన అంద్రెయ ముడి అది! ఇందాక వరుసలో పాత అలవాటుతో అతనూ తెలియకుండానే చేతులెత్తాడన్నమాట. ఇప్పుడు అంద్రెయ చెయ్యి లాల్చీ జేబులోకి వెళ్ళి, ఖాళీగా బయటికొచ్చింది.

యోబు గట్టిగా మాట్లాడలేదు. కట్టను అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"షిఫ్టు దిగినంక ఎవలది వాళ్ళకిచ్చుడు నా డ్యూటీ తమ్మీ."

అంద్రెయ గంట వైపు చూశాడు.

"బరువు బాగున్నట్టుంది. లారీ ఎక్కది. ఈడనే ఉండనియ్యి" అని, గొంతు తగ్గించి, "నా లగ్గానికి నువ్వే కొట్టినవ్ గదా అన్నా. ఒక్కపారి నేను కొట్టనా?" అన్నాడు.

తాడు అందుకోవడానికి అంద్రెయ రెండు చేతులూ పైకెత్తాడు. యోబు దగ్గరికి వచ్చి అతని జేబులు తడిమి, "పో" అన్నాడు.