అయిపోయినట్టే

చెన్నకేశవులు గారి పలకరాళ్ల ఫ్యాక్టరీలో పొద్దున జరిగే మీటింగ్ అంటే శ్రీదివ్యకు ఒళ్లుమంట. టీ గ్లాసులు చేతికి వస్తేగానీ ఎవరి నోరూ తెరుచుకోదు. తెరుచుకున్నాక వచ్చేది ఒక్కటే మాట.

"కటింగ్ ఎంతవరకొచ్చింది, యోగేష్ అన్నా?"

"అయిపోయినట్టే, పాపా."

"పాలిష్, కోటిరత్నం పిన్నీ?"

"అయిపోయినట్టేలేమ్మా."

ప్యాకింగ్ చూసే భరత్‌ను అడగనక్కర్లేదు. ఫోనులోంచి తలెత్తకుండానే, "మనదేముందక్కా, అయిపోయినట్టే" అనేస్తాడు.

అంటే ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా మళ్లీ అడగకూడదు. అడిగితే, "మేమంటే నమ్మకం లేదా?" అని మూతి ముడుచుకుంటారు. ఒకరి పని ఇంకొకరు అడగడం ఆ షెడ్డులో పక్కింటి కుండ మూత తీసి చూసినంత తప్పు. యోగేష్ రాయి పంపలేదని కోటిరత్నం అడగదు, కోటిరత్నం ఇవ్వలేదని భరత్ అడగడు. ముగ్గురూ మర్యాదగా కూర్చుని టీ తాగుతారు. దీనికి టీమ్ అని పేరు. ఉత్త దద్దమ్మలు, అనుకునేది శ్రీదివ్య.

ఈసారి హైదరాబాదు హోటలుకు పలకరాళ్ల ఆర్డరు, చూసుకునే పూచీ శ్రీదివ్యది. చెన్నకేశవులు ఆమెకు సొంత మేనమామే అయినా మొహమాటపడలేదు. "శుక్రవారం లారీ కదిలితే మేనేజరు కుర్చీ నీది. కదలకపోతే మళ్లా కౌంటర్లో కూర్చో" అన్నాడు. శ్రీదివ్యకు ఆ కుర్చీ కావాలి. కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లకు రేట్లు చెప్పీ చెప్పీ ఆమెకు ప్రాణం విసిగింది.

పని ఎంతవరకు వచ్చిందో రోజూ గ్రూపులో ఫోటో పెట్టమంది. యోగేష్ దండం బొమ్మ పెట్టాడు. కోటిరత్నం గులాబీ పువ్వు మీద శుభోదయం పంపింది. భరత్ బొటనవేలు ఎత్తాడు. ఫోటో మాత్రం ఒక్కటీ రాలేదు. ఒకసారి షెడ్డులోకి వెళ్లి చూద్దామా అనిపించింది. ఇలాంటి వాళ్ల వెనక, ఆ దుమ్ములో తిరగడానికా తను ఎంబీఏ చదివింది? ఛీ, అనుకుని ఏసీ పెంచుకుని ఆఫీసులోనే కూర్చుంది.

శుక్రవారం లారీ వచ్చింది. అప్పుడు వెళ్లింది షెడ్డులోకి. కోసిన రాయంతా మిషను పక్కనే దుమ్ము కొట్టుకుని ఉంది. పాలిష్ పట్టిన రాయి ఒక్కటి లేదు. పెట్టెలు ఇంకా చెక్కలుగానే ఉన్నాయి.

"ఏంది పిన్నీ ఇది?"

"యోగేష్ పంపుతాడని చూస్తాండానమ్మా. అడిగితే ఏమనుకుంటాడో అని..."

"రాయి తీస్కపోను పిన్నే మనిషిని పంపుతాదనుకున్నా" అన్నాడు యోగేష్, గోడకేసి చూస్తూ.

"నువ్వన్నా చెప్పొద్దా, భరత్?"

"నువ్వు ఒక్కసారన్నా ఇటు వచ్చినావా, అక్కా?"

ఆమెకు చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఎవరి చెంపో తేల్చుకునేలోగా ఫోను మోగింది. గిద్దలూరు నుంచి మామ.

"లోడయిందా, దివ్యా? హోటలోళ్లు లైన్లో ఉండారు. ఏం చెప్పమంటావు?"

బయట లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ముగ్గురూ ఆమె నోటివైపే చూస్తున్నారు. కాలేదని చెప్పాలి. చెబితే ఈ రోజే కౌంటరు.

"అయిపోయినట్టే, మామా" అంది శ్రీదివ్య.

కోటిరత్నం ఫ్లాస్కులోంచి టీ వంచి, గ్లాసు ఆమె చేతికిచ్చింది.