టిక్కు పెట్టిన చోట

మా గీత కబడ్డీ జెర్సీ ఉతకడమంటే రెండు బకెట్ల ఎర్రనీళ్లు. నానబెట్టి, మోచేతుల దగ్గర బ్రష్షుతో రుద్ది, వెనుక ఉన్న ఏడు నంబరు పెచ్చులు లేవకుండా తిరగేసి ఆరెయ్యాలి. రెండేళ్లుగా అది నా పని. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేస్తున్నానని ఎవరూ చూడలేదు. కోదాడ టోర్నమెంటు నుంచి వచ్చినప్పటి నుంచి మాత్రం గీత తన జెర్సీ తనే ఉతుక్కుంటోంది. బాత్రూం తలుపు వేసుకుని, నల్లా ధారగా వదిలి, చాలాసేపు. "నా బిడ్డకు పనొచ్చింది" అని మా ఆయన పర్వతాలు మురిసిపోయాడు. నేను మాత్రం తలుపు బయట నిలబడి ఆ నీళ్ల చప్పుడు వింటూ ఉండేదాన్ని.

నాకు భయం ఎక్కువ, ఒప్పుకుంటాను. సూర్యాపేటలో మ్యాచంటే హైవే మీద లారీలు కళ్లముందు తిరుగుతాయి. మోకాలు చెక్కుకుపోతే కాలే తీసేస్తారనుకుంటాను. "నీకు టీవీల సీరియల్ ఎందుకే, నీ తలకాయలనే రోజుకొకటి నడుస్తది" అంటాడాయన. సీజన్ కబుర్లన్నీ కాలేజీ స్పోర్ట్స్ గ్రూపులో వస్తాయి. గ్రూపు ఆయన ఫోన్‌లో ఉంటుంది. రైస్‌మిల్లు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని చదివి వినిపిస్తాడు. సూర్యాపేట మీద ముప్పై రెండు, ఇరవై ఎనిమిది, మనదే గెలుపు. కోదాడలో సెమీస్. ఆటలు నేర్పే పీడీ రాజ్‌కుమార్ సార్‌కు శాలువా. కోదాడ తర్వాత వచ్చిన టీమ్ లిస్టులో పన్నెండుకు పదకొండు పేర్లే చదివాడు. స్వరూప పేరు లేదు. త్రిపురారం దగ్గరి తండా పిల్ల, గీతకు ప్రాణం. మా ఇంటికి వస్తే నా చేతి పచ్చిపులుసు అడిగి మరీ పోయించుకునేది.

"స్వరూప ఏమైంది?" అన్నాను.

"తీసేసిన్రంట. డిసిప్లిన్ లేదంట. మనకెందుకే, పప్పెయ్యి."

గీత కంచం ముందు నుంచి లేచిపోయింది. పోయిన వారం మిర్యాలగూడ బస్టాండులో స్వరూప కనబడితే "బిడ్డా" అని పిలిచాను. నన్ను చూసి, చూడకూడనిదేదో చూసినట్టు ముఖం తిప్పుకుని బస్సెక్కింది. నేనేం చేశానా అని మూడు రోజులు ఆలోచించాను. దొరకలేదు.

రేపు టీమ్ సాగర్ పోతోంది. రెండు రోజులు. ఈ పొద్దున గీత షూ లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, "మమ్మీ, మాకిచ్చే గదికి లోపల గొళ్లెం ఉంటదా అని డాడీని అడగమను" అంది.

"ఎందుకే?"

"ఊకనే."

నేనూ వస్తానంటే ఆయన నవ్వాడు. "నువ్వొచ్చి ఏం జేస్తవ్, కూత నేర్పిస్తవా? పిల్లలు నవ్వుతరు." చెప్పులేసుకుని మిల్లుకు వెళ్లాడు. గొళ్లెం సంగతి కనుక్కోమని చెప్పినా ఎవరినీ అడగనేలేదు.

నవ్వొస్తుంది కానీ, నేను ఆ కాలేజీ స్పోర్ట్స్ కమిటీలో మెంబర్ని. ఒక తల్లి ఉండాలని రూలట. మీటింగుకు ఎన్నడూ పిలవలేదు. అటెండర్ మల్సూరన్న రిజిస్టర్ ఇంటికే తెస్తాడు. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోట సంతకం చేసి, ఆయనకు చాయ్ ఇస్తాను. మొదటిసారి చదవబోతే మా ఆయన, "ఏడో తరగతి సదువు నీది, సదివేసరికి తెల్లారుతది. పాపం మనిషి నిలవడ్డడు, పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ తర్వాత కూడా పెడుతూనే ఉన్నాను.

ఈ రోజు మూడు గంటలకు మల్సూరన్న వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే.

"చెల్లె, జర జల్ది. సాగర్ కాగితం. సారు గాడ ఎదురుసూస్తున్నడు."

"చాయ్ తాగు అన్నా" అని గ్లాసు చేతికిచ్చి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. 'బాలికల వెంట తోడు: శ్రీమతి ధనలక్ష్మి, కమిటీ సభ్యురాలు.'

ధనలక్ష్మి నేనే. పేజీ వెనక్కి తిప్పాను. సూర్యాపేట, తోడు ధనలక్ష్మి. కోదాడ, తోడు ధనలక్ష్మి. నేను ఇంట్లో గీత రెండో జెర్సీ రంగు వదలకుండా ఉప్పునీళ్లు కలుపుతున్న రోజున, ఆ కాగితంలో నేను కోదాడలో ఆడపిల్లల గది దగ్గర ఉన్నాను. దాని కింద ఇంకో నాలుగు లైన్లు. 'స్వరూప అనే విద్యార్థిని రాత్రి చెప్పకుండా గది నుంచి బయటికి పోయి, పీడీ గారి మీద లేనిపోని మాటలు కల్పించినది. తోడు ఉన్న తల్లి ఈ సంగతి స్వయంగా చూసి చెప్పినందున టీమ్ నుంచి తొలగించడమైనది.' ఆ కింద పెన్సిల్ టిక్కు. దాని మీద నా వంకర సంతకం.

నేను చూశానట. నేను చెప్పానట. ఆ పిల్ల బస్టాండులో ఎవరిని చూసి ముఖం తిప్పుకుందో ఇప్పుడు తెలిసింది. గీతకూ తెలుసు. ఇన్ని రోజులూ నా చేతి అన్నం తింటూ, నాకేమీ చెప్పకుండా, నా దగ్గర కూడా తలుపు వేసుకుంది. లారీలకు భయపడ్డాను, పాములకు భయపడ్డాను, సాగర్ నీళ్లకు భయపడ్డాను. నా బిడ్డ మీదికి వచ్చేది నా సంతకం నుంచే వస్తుందని ఒక్కనాడూ భయపడలేదు.

"అయ్యిందా చెల్లె?"

"అయితది, కూసో."

కోదాడ పేజీలో ఖాళీ ఉన్నచోట రాశాను. అక్షరాలు వంకరైనా పెద్దగానే పడ్డాయి. 'నేను కోదాడ పోలేదు. ఏమీ చూడలేదు. ఏమీ చెప్పలేదు. నన్ను ఎవరూ పిలవలేదు. ధనలక్ష్మి.' సూర్యాపేట పేజీలో కూడా పోలేదని రాశాను. సాగర్ పేజీలో టిక్కు పక్కన సంతకం పెట్టలేదు. గీత రేపు బస్సెక్కదు. ఆ మాట ఆయనకు నేను చెప్పుకుంటాను.

రిజిస్టర్ సంచిలో పెట్టుకుని చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. మల్సూరన్న గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఏందమ్మా, రిజిస్టర్ ఇయ్యి. సారుకు నేనేం జెప్పాలె?"

"కమిటీ మెంబర్ తీసుకపోయిందని చెప్పు."

"కాలేజీకేనా?"

"ముందుగాల త్రిపురారం, స్వరూపోళ్లింటికి."