పదకొండు బాతుల గుమస్తా

పొద్దున్న ఆరింటికి సుకుమార్ గారు సైకిలు బయటికి తీశారంటే వెనకాలే పదకొండు బాతులు వరసగా బయల్దేరతాయి. మండపేటలో ఇది ఎవరికీ వింత కాదు. టీకొట్టువాడు బల్ల కాస్త పక్కకి జరుపుతాడు, లారీ డ్రైవర్లు అవి దాటేదాకా ఆగి బీడీ ముట్టించుకుంటారు. ఆయన రైసుమిల్లులో కాటా గుమస్తా. ధాన్యం లారీ తూకం చూసి చీటీ రాసేలోపు బాతులు కింద రాలిన గింజలన్నీ ఏరుకు తినేస్తాయి. మిల్లు ఓనరు గారు కూడా ఏమీ అనరు. ఊడ్చే పని తప్పిందనుకుంటారు.

కొన్ని ఇళ్ళల్లో తాతల నుంచీ షుగరొస్తుంది. వాళ్ళింట్లో బాతులొస్తాయి. మనసులో ఏదైనా ప్రశ్న గట్టిగా పడిందా, మర్నాటికల్లా కాలవలోంచి ఓ బాతు గట్టెక్కి వెనకపడుతుంది. ఇక దాన్ని పిలవాలన్నా, ఆపాలన్నా ఆ ప్రశ్నే దాని పేరు. సుకుమార్ గారి నాన్న ఆశీర్వాదం గారికి నాలుగుండేవి. ఆయన్ని మట్టి చేసిన రోజు అవి సమాధుల దాకా నడిచొచ్చి, అట్నుంచటే కాలవలోకి దిగిపోయాయి.

సుకుమార్ గారి మొదటి బాతు ఆయన పద్నాలుగో ఏట వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆదాము హవ్వల కథ చెబుతున్నారు. లోకం మొత్తానికి ఉన్నది ఆ ఇద్దరూ, వాళ్ళ కొడుకులు ఇద్దరూ. పెద్దాడు కయీను తమ్ముణ్ణి చంపేసి వేరే దేశం పోయాడు, అక్కడ పెళ్ళాంతో కాపరం పెట్టాడు. కుర్రాడు లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, కయీను భార్య ఎవరండీ? ఎక్కణ్ణుంచి వచ్చింది?" పెద్దయ్యాక తెలుస్తుందిలే, కూర్చో అన్నారు పాస్టరు గారు. కుర్రాడు పెద్దయ్యాడు, నలభై ఆరేళ్ళొచ్చాయి, తెలియలేదు. ఆ బాతు మటుకు ముసలిదైపోయి ఓ కాలు కుంటుతోంది.

ఆ ఒక్క ప్రశ్నా ఆయన్ని కుదురుగా కూర్చోనిస్తేగా. ఆ ఆడమనిషి సంగతి తేల్చుకోవాలని హీబ్రూ అక్షరాలు పట్టారు. అందులోంచి మనుషులు మొదట ఎక్కడ పుట్టారన్న పుస్తకాలు. వాళ్ళు ఆఫ్రికా నుంచి సముద్రం ఒడ్డునే నడుచుకుంటూ వచ్చారట, అయితే మన కాకినాడ మీదుగానే వెళ్ళుంటారని మిల్లులో హమాలీలకి ఓ పూటంతా చెప్పారు. తర్వాత హోమియో. తర్వాత హార్మోనియం బాగుచేయడం. తర్వాత షేర్లు: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని ఫోను చేతిలోంచి దించేవారు కాదు. ఏ ఒక్కటీ గట్టెక్కలేదు. డిగ్రీ పరీక్ష మూడుసార్లు కట్టి మూడుసార్లూ సగంలో లేచొచ్చారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాణ్ణే మన గోదావరి వాళ్ళు వెక్కిరిస్తారు, పదకొండు పడవలవాణ్ణి వదులుతారా? ఆయన భార్య ఆశాజ్యోతి మునిసిపల్ స్కూల్లో లెక్కల టీచరు. బాతుల్లేని ఇంటి పిల్ల. ఒక్కదాన్నైనా ఒడ్డుకి చేర్చండి అని చెప్పి చెప్పి, ఆ మాటా మానేసింది.

ఒక్కతే కూతురు వినీల. ఏప్రిల్లో టెన్త్ ఫలితాలొచ్చాయి, మంచి మార్కులు. కాకినాడలో హాస్టలున్న కాలేజీలో సీటూ వచ్చింది. కానీ ఆ పిల్ల వెనకాల అప్పటికే మూడు బాతులున్నాయి. సామర్లకోట గుడికి స్కూలు వాళ్ళతో వెళ్ళినప్పుడు ఒకటి వచ్చింది: భీమేశ్వరుడూ, మన చర్చిలో దేవుడూ ఒకరికొకరు తెలుసా? ఇంకోటి తెల్లది: కావలసినన్ని నోట్లు అచ్చేసి పంచేస్తే పేదవాళ్ళే ఉండరుగా? మూడోది చిన్నది, గోధుమ రంగుది. అది ఎప్పుడొచ్చిందో, ఏ ప్రశ్నకొచ్చిందో సుకుమార్ గారు ఎప్పుడూ పట్టించుకోలేదు.

హాస్టల్లో బాతులు కుదరవండి అని కాలేజీ ఆవిడ ఫోన్లో మర్యాదగానే చెప్పింది. ఆ రాత్రంతా సుకుమార్ గారు వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. నా బతుకెలాగూ సగం సగం అయిపోయింది, పిల్ల కూడా ఏదో కాటా దగ్గర చీటీలు రాసుకుంటూ కూర్చోవాలా అని ఒకటే దిగులు. తెల్లారేసరికి బుద్ధి గడ్డి తింది.

వేసవిలో దాళ్వా వరి కోతలయ్యాక రాలిన గింజల మీద బాతుల్ని మేపుకుంటూ చిట్టియ్య ఏటా ఊరి చేలల్లోకి వస్తాడు. ఆరొందల బాతుల మంద. అతనిది కాదు, యజమానిది. అందుకని రోజూ సాయంత్రం ఒక్కో జతనీ వలదడిలోకి తోలుతూ లెక్కపెట్టి, ఆ లెక్క యజమానికి ఫోన్లో చెబుతాడు. వినీల నిద్ర లేవకముందే సుకుమార్ గారు ఆ పిల్ల మూడు బాతుల్నీ గంపలో మూసి తీసుకెళ్ళి అతని ముందు దించారు.

చిట్టియ్య గంప కాస్త ఎత్తి లోపలికి చూశాడు. "మందలో కలిస్తే మామూలు బాతులైపోతాయండి. ఆ ప్రశ్న కూడా పోద్దండి. తర్వాత నన్నడక్కూడదు."

"అడగను" అన్నారు సుకుమార్ గారు. ఆ సాయంత్రం లెక్క ఆరొందల మూడని చిట్టియ్య యజమానికి ఫోను చేశాడు.

ఆ పొద్దున్న వినీల లేచింది. బాతుల కోసం వెతకనైనా లేదు. జడ వేసుకుని లెక్కల పుస్తకం ముందు కూర్చుంది. నాలుగు రోజులు అలాగే కూర్చుంది. సుకుమార్ గారు పొంగిపోయి హాస్టలుకని కొత్త ట్రంకుపెట్టె కొని, దానిమీద పిల్ల పేరు రంగుతో రాయించారు.

వాళ్ళింట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. తలా రెండు వచనాలు చదవాలి. వినీల చదివే వంతొస్తే అన్నం చల్లారిపోవాల్సిందే, ప్రతి వచనానికీ ఏదో ఒకటి అడిగి తండ్రితో గొడవపడేది. ఐదో రోజు సాయంత్రం తన రెండు వచనాలూ చదివి, పుస్తకం మూసి, చేతులు కట్టుకుంది.

"ఏమీ అడగవా అమ్మా?" అన్నారాయన.

"ఏం అడగాలి నాన్నా?"

వేళాకోళం కాదు. నిజంగానే తెలియక అడిగింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండీ అని ఆశాజ్యోతి వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకుంది. ఆ రోజు అన్నం వేడివేడిగా తిన్నారు, ఎవరికీ సహించలేదు.

మర్నాడు ఆయన మిల్లుకి వెళ్ళలేదు. మంద సామర్లకోట వైపు మారిందని తెలిసి బస్సెక్కారు. కండక్టరు అలవాటుగా బాతులకి మూడు అరటిక్కెట్లు కొట్టి వెనక సీటు చూపించాడు. దిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలవ గట్టున రెండు మైళ్ళు నడిస్తే, కోసిన వరి మోళ్ళ మధ్య చిట్టియ్య కనబడ్డాడు.

"అడగనన్నారండి" అన్నాడు చిట్టియ్య.

"అన్నాను. తప్పయిపోయింది."

చిట్టియ్య మెత్తని మనిషి. కానీ లెక్క లెక్కే. మూడు తీసుకుంటే మూడు దింపాలన్నాడు. ఆరొందల మూడులో మీవి ఏవో నాకూ తెలియదండి, ఇంకా పూర్తిగా కలిసిపోకపోతే పేరు పెట్టి పిలిస్తే వస్తాయి, మీరే పిలుచుకోండి అన్నాడు.

సుకుమార్ గారు గట్టు మీద నిలబడి, భీమేశ్వరుడికీ చర్చిలో దేవుడికీ పరిచయం ఉందా అని గట్టిగా అడిగారు. మందలోంచి ఒకటి తల తిప్పి వచ్చింది. నోట్లు అచ్చేసి పంచితే ఏమవుతుంది అన్నారు. తెల్లది పరుగెత్తుకొచ్చింది. వాటికి బదులు తన షేర్ల బాతునీ, హోమియో బాతునీ ఎత్తి మందలోకి వదిలారు. ఆ వెంటనే జేబులో ఫోను మోగితే తీసి చూశారు. ఎర్రంకెలూ పచ్చంకెలూ. అవి ఎందుకున్నాయో అర్థం కాక మళ్ళీ జేబులో పెట్టేశారు.

మూడోదాని పేరు తెలియదు. ఆశాజ్యోతికి ఫోను చేస్తే తనకీ తెలియదంది, అది ఇంట్లో ఎప్పుడూ మీ బాతుల వెనకే తిరిగేదంది. వినీలనే అడిగితే, ఏ బాతు నాన్నా అంది. ఆయన గట్టు మీద కూలబడిపోయారు. పదకొండు సంగతులు పట్టుకుని ఊరంతా తిరిగాను గానీ, ఇంట్లో పిల్ల అడిగిన మూడు మాటలు వినడానికి తీరిక లేకపోయిందా అని ఏడుపొచ్చింది. ఎండ వాలింది. చిట్టియ్య వలదడి తెరిచి జతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంకో వంద లోపలికెళ్తే అయిపోతుంది.

ఏమీ తోచని మనిషి నోటికి అలవాటైన మాటే వస్తుంది. "కయీను భార్య ఎవరు?" అన్నారు, ఎవరితోనూ కాదు.

ఆయన పక్కనున్న కుంటిబాతు తలెత్తింది. దడి గుమ్మంలోంచి చిన్న గోధుమ రంగు బాతు కూడా వెనక్కి తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. వినీలకి ఆరేళ్ళు. ఒళ్ళోకెక్కి ఇదే అడిగింది. ఆయన ఫోన్లో షేర్ల ధరలు చూస్తూ, పెద్దయ్యాక తెలుస్తుందిలే అమ్మా, ఆడుకో పో అన్నారు.

చిట్టియ్య రెండు బాతుల్నీ చూశాడు. "ఒక ప్రశ్నకి రెండెందుకండి? ఒకటి లోపలికి రావాలి."

ఇంకా ఎనిమిది బాతులున్నాయి ఆయన చుట్టూ, హార్మోనియందో, ఇంకోటో ఇవ్వచ్చు. కానీ చిన్నది వచ్చి కుంటిదాని పక్కన నిలబడింది, ఆ ప్రశ్న ఇక ఎవరిదో ఆయనకి తెలిసిపోయింది. ముప్ఫైరెండేళ్ళు వెంట నడిచిన బాతుని రెండు చేతులా ఎత్తి, కాసేపు గుండెకి ఆనించుకుని, గుమ్మంలో దించారు. కుంటుకుంటూ లోపలికెళ్ళింది. చిట్టియ్య ఆరొందల మూడన్నాడు.

ఇల్లు చేరేసరికి ప్రార్థన వేళ అయింది. మూడు బాతులూ పరుగున వెళ్ళి వినీల కాళ్ళ దగ్గర చేరాయి. ఆ పిల్ల వాటి వీపు నిమిరి, పుస్తకం అందుకుని తిన్నగా ఆదికాండం తీసింది. రెండో వచనం మధ్యలో ఆగిపోయింది.

"నాన్నా, ఇక్కడ కయీను భార్య అని ఉంది. ఎవరావిడ?"

ఆశాజ్యోతి చప్పున మొగుడి వంక చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ప్రశ్న విని విని ఉంది. సుకుమార్ గారు మాత్రం నోరు తెరిచి వింటున్నారు.

"అవునే! నాకెప్పుడూ తట్టనే లేదే. ఎవరమ్మా?"

"నేనడుగుతుంటే నన్నడుగుతారేంటి?"

"నాకు తెలీదమ్మా. ఇలా రా, చూద్దాం" అని ఆయన చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు. ఆవిడ జాడ కోసం వెనక్కి వెళ్తూ, ఒక వచనం ఆయన చదివితే దాని ముందుది ఆ పిల్ల చదివింది. గంటైంది, రెండు గంటలైంది, ఆయన లేవలేదు. కూరా చారూ చల్లారిపోయాయి. గుమ్మంలో చప్పుడైతే ఆశాజ్యోతి తొంగిచూసింది. కాలవ నీళ్ళు ఇంకా ఆరని బాతుపిల్ల ఒకటి గడప దాటలేక తంటాలు పడుతోంది. చేయందిస్తే లోపలికొచ్చి తండ్రినీ కూతుర్నీ మార్చిమార్చి చూసి, ఎవరి వెనకాల పోవాలో తెలియక ఇద్దరి మధ్యనే కూర్చుంది.

ఆశాజ్యోతి లోపలికెళ్ళి కొత్త ట్రంకుపెట్టె తెరిచింది. హాస్టలుకని సర్దిపెట్టిన దుప్పట్లూ గిన్నెలూ తీసి బీరువాలో పెట్టేసి, పెట్టె అడుగున గడ్డి పరిచి, తెచ్చి వాళ్ళ పక్కన పెట్టింది.